బొమ్మల పుస్తకమా? మాటలాడు యంత్రమా?



గృహమునకు గోడలును కప్పును ఎట్లవసరమో జ్ఞాపకమును అట్లే యవసరము. బిడ్డకు ఏ నెలలో జ్వరము వచ్చినదో, ఏ యంగడిలో ఎంత బాకీ నిలిచినదో, ఏ బంధువు నింటి శుభకార్యమునకు మన మేమి చదివించితిమో, అత్తగారికి ఏ మందు పడదో, ఇవి యన్నియు ఎవరో యొకరు తలలో పెట్టుకొన్నగాని సంసారము సాగదు. ఆ యొకరు తఱచుగా గృహిణియే. పురుషుడు పద్దుపుస్తకమున వ్రాసికొనును. స్త్రీ మనస్సున వ్రాసికొనును.

అయితే ఈ కాలమున మనస్సు మోయలేనంత కాగితము ఇంటికి వచ్చుచున్నది. ఆసుపత్రి కాగితములు, బ్యాంకు కాగితములు, పిల్లల బడి కాగితములు, ప్రభుత్వ పథకముల కాగితములు. వీనికి తోడు చేతిఫోనులో వచ్చి పడు సందేశములకు లెక్క లేదు. వీనిని వశము చేసికొనుటకు రెండు మార్గములు మన యెదుట నున్నవి. మొదటిది, చేతితో బొమ్మలు, గీతలు, బాణపు గుర్తులు వేసికొని విషయమును కంటి కగపడునట్లు పుస్తకమున నిలుపుకొనుట. రెండవది, కాగితముల నన్నిటిని ఫోనులోనికి ఎక్కించి, కృత్రిమ మేధ యనబడు యంత్రబుద్ధిని ప్రశ్నించి సమాధానము రాబట్టుట. ఈ రెండింటిలో ఏది మేలని మమ్ము నడుగువారు పెక్కండ్రు. పట్టణములలో ఇది సౌకర్యమునకు సంబంధించిన ప్రశ్న కావచ్చును. మేము నివసించు వజ్రపుకొత్తూరు ప్రాంతమున ఇది ప్రాణమునకు సంబంధించినది. ఎందువలననో ముందుగా విన్నవింతుము.

కాగితముల సంచి

పలాస మొదలు ఇచ్ఛాపురము వఱకు సముద్రతీరము ననుసరించి యున్న సీమను ఉద్దాన మందురు. ఉద్యాన మను మాటయే యిట్లు మాఱినదని పెద్దలు చెప్పుదురు. కొబ్బరి, జీడిమామిడి, పనస తోటలను చూచినవారి కా పేరు తగియున్నదనియే తోచును. కాని రెండు దశాబ్దులకు పైగా ఈ పచ్చదనము నడుమ మూత్రపిండముల వ్యాధి కాపురమున్నది. వజ్రపుకొత్తూరు, పలాస, మందస, సోంపేట, కంచిలి, కవిటి, ఇచ్ఛాపురము మండలములలో దీని మాట వినని యూరు లేదు. మధుమేహము గాని రక్తపుపోటు గాని లేని కష్టజీవులకు సైత మిది వచ్చుచున్నది. కారణ మిదియే యని వైద్యశాస్త్రము ఇంకను తేల్చలేదు.

ఒకప్పుడు రోగులు చికిత్సకై విశాఖపట్టణము వఱకు పోవలసివచ్చెడిది. 2023 డిసెంబరు 14వ తేదీన పలాసలో 200 పడకల ఆసుపత్రియు, మూత్రపిండవ్యాధి పరిశోధన కేంద్రమును ప్రారంభమైనవి. హిరమండలము జలాశయమునుండి గొట్టములద్వారా త్రాగునీరు తెచ్చు పథకమును అప్పుడే ప్రారంభించిరి. ఇవి మేలైన పనులు. కాని ఆసుపత్రి ఎంత దగ్గఱకు వచ్చినను, రోగి వెంట పోవలసిన వస్తు వొకటి యున్నది. అది కాగితముల సంచి. దానిని మోయునది భార్యయో, కోడలో, కూతురో.

ఆ సంచిలో ఏమేమి యుండును? అయిదారేండ్ల రక్తపరీక్షల కాగితములు, నలిగిన మందుచీట్లు, స్కానింగు పటములు, డయాలిసిస్ జరిగిన దినముల పుస్తకము, పింఛను కాగితములు, ఆధారు నకళ్లు, ఎప్పుడో కొన్న మందుల ఖాళీ అట్టలు. వైద్యుని యెదుట కూర్చుండుటకు దొరకు కాలము కొన్ని నిమిషములు మాత్రమే. ఆయన మూడు ప్రశ్నలు వేయును: క్రియాటినిన్ ఇంతకుముందు ఎంత యుండెను? ఇప్పు డేయే మందులు వాడుచున్నారు? కాళ్లవాపు ఎప్పుడు మొదలైనది? సంచి బల్లమీద గ్రుమ్మరింపబడును. వెదకుచుండగనే వెనుకనున్న రోగిని పిలుతురు. సమాధానము సంచిలోనే యున్నది. కాని చేతికి రాలేదు.

పాత అంకెలతో పని యేమని కొంద రనుకొందురు. క్రియాటినిన్ అనునది కండరములనుండి పుట్టి, మూత్రపిండములు వెలికి త్రోయు పదార్థము. సామాన్యముగా స్త్రీలకు 0.6 నుండి 1.1 వఱకును, పురుషులకు 0.7 నుండి 1.3 వఱకును డెసిలీటరునకు మిల్లీగ్రాముల లెక్కన నుండును. మూత్రపిండముల శక్తి సగము తగ్గువఱకును ఈ యంకె హద్దు దాటక పోవచ్చును. సన్నని దేహముగల స్త్రీకి 1.1 అనునది బలిష్ఠుడైన పురుషుని 1.1 వంటిది కాదు. కాబట్టి ఒక్క అంకె చెప్పునది కొంచెము; వరుసగా అయిదారు అంకెలు చెప్పునది ఎక్కువ. 0.8, 0.9, 1.1, 1.4 అని పైకి పోవుచున్నదా, లేక 1.4 వద్ద రెండేండ్లుగా నిలిచియున్నదా అనునదే వైద్యునికి కావలసినది. వ్యాధి దీర్ఘకాలికమని నిర్ణయించుటకు సైతము మూడు మాసములకు తక్కువ గాని వ్యవధిని చూతురు. అనగా ఈ వ్యాధిలో జ్ఞాపకమును చికిత్సలో నొక భాగమే.

గీతయే జ్ఞాపకము

ఇక మొదటి మార్గమును విచారింతము. బొమ్మలతో టిప్పణము వ్రాసికొనుట మనకు క్రొత్తది కాదు. పాలు పోయించుకొన్న దినములకు గోడమీద సున్నపుబొట్లు పెట్టిన ముత్తవ్వలు మన కున్నారు. అక్షరము రాని యామె లెక్క తప్పెడిది కాదు. ముగ్గు మాత్ర మేమి? పదునొకండు చుక్కలు, వానినడుమ తొమ్మిది, మరల ఏడు అని చుక్కల క్రమమును తెలిసికొన్నదానికి ముగ్గంతయు చేతిలో నుండును. అది బొమ్మయే కాదు. విధానమును చేతికి నేర్పిన పాఠము.

మన జిల్లా కొండలలోని సవరల యిండ్లలో మఱియొక సంప్రదాయ మున్నది. ఎఱ్ఱమన్ను పూసిన గోడపై బియ్యపుపిండితో మనుష్యులను, జంతువులను, చెట్లను వరుసలుగా చిత్రింతురు. ఇంట వ్యాధి కలిగినప్పుడును, పంటకొఱకును, మృతులైన పెద్దల గౌరవార్థమును వీనిని వ్రాయుట వారి యాచారము. ఆ యింట ఎవరికి ఏమి జరిగినదో ఆ గోడ చెప్పును. లిపి లేని కాలమున గోడయే గ్రంథ మైనది.

మన భాగవతము నెఱిగినవారికి చిత్రలేఖ జ్ఞాపకమునకు వచ్చును. ఉష కలలో చూచిన యువకు డెవరో చెప్పలేకపోయెను. పేరు తెలియదు, ఊరు తెలియదు. చెలికత్తెయైన చిత్రలేఖ దేవ గంధర్వాదులను, పిమ్మట రాజకుమారులను ఒక్కొక్కరినే పటమున వ్రాసి చూపెను. అనిరుద్ధుని రూపము రాగానే ఉష సిగ్గుతో తలవంచెను. మాటలతో తెమలని విచారణ గీతలతో తెమలినది. ఈ కథలో మేము గ్రహించున దేమన, కన్ను గుర్తుపట్టునంత వేగముగా నాలుక చెప్పలేదు.

పాశ్చాత్యదేశములలోను స్త్రీ చేతి బొమ్మ ప్రాణములను కాపాడినది. క్రిమియా యుద్ధమున క్షతగాత్రులకు సేవ చేసిన ఫ్లారెన్సు నైటింగేలు, 1858లో సైనికుల మరణములను నెలలవారీగా విసనకఱ్ఱ రేకులవంటి పటమున చూపెను. గాయములచేత చనిపోయినవారికన్న నివారింపదగిన రోగములచేత చనిపోయినవారు ఎక్కువమంది యని ఆ రేకుల పరిమాణమును చూచినంతనే తెలియును. అంతకు పూర్వము 1854లో లండనునందు కలరా ప్రబలినప్పుడు, జాను స్నో యను వైద్యుడు మరణములు జరిగిన యిండ్లను ఊరి పటముపై గుర్తులు పెట్టి చూడగా, అవి ఒక వీథిలోని నీటిపంపు చుట్టును మూగియున్నవి. పట్టికలో దాగిన సత్యము పటమున బయటపడినది. నీటిని గుఱించి యనుమానము వీడని మన సీమవారికి ఈ కథ ప్రత్యేకముగా చెప్పదగినది.

బొమ్మ ఏల జ్ఞాపకమున నిలుచును? కెనడాదేశమున వాటర్లూ విశ్వవిద్యాలయమువారు 2016లో ప్రకటించిన పరిశోధనలో, కొన్ని మాటలను కొందఱిచేత వ్రాయించి, కొన్నిటిని బొమ్మలుగా వేయించిరి. వ్రాసిన మాటలకన్న బొమ్మ వేసిన మాటలే యెక్కువగా జ్ఞాపకమున నిలిచినవి. బొమ్మ అందముగా నుండుటతో పని లేకపోయినది. ఏమి వేయవలెనని యోచించుట, చేయి కదలించుట, వేసినదానిని కన్ను చూచుట, ఈ మూడును కలిసి పని చేయును. కలముతో వ్రాసినవారే ఎక్కువ నేర్తురని 2014లో వచ్చిన మఱియొక ప్రసిద్ధ పరిశోధనను 2019లోను, 2021లోను తిరిగి చేసి చూచినప్పుడు ఫలిత మంత దృఢముగా నిలువలేదు. కావున మహిమ కలమునందు లేదు. ఏది వ్రాయవలెను, ఏది విడువవలెను అని యెంచుకొను మనస్సునందున్నది.

ఈ మార్గమునకు లోపములు లేకపోలేదు. ఒక పుటలో పట్టునది కొంచెము. నూఱు కాగితముల సారమును ఒక చిత్రమున కూర్చుటకు తీఱిక కావలెను. వేసిన యామె ఊరికి వెళ్లినచో గుర్తుల యర్థము తక్కినవారికి తెలియకపోవచ్చును. మూడేండ్లనాటి సంగతి కావలసినచో పుస్తకమంతయు త్రిప్పవలెను.

అడిగిన పలుకు యంత్రము

రెండవ మార్గమునకును పూర్వచరిత్ర యున్నది. 1945 జూలైలో వానీవారు బుష్ అను అమెరికా శాస్త్రజ్ఞుడు, మనుష్యుడు చదివిన పుస్తకములను, కాగితములను అన్నిటిని ఒక బల్లలో దాచి, ఒకదానికొకటి ముడివేసి, కోరినంతనే చూపు యంత్రమును ఊహించి ‘మెమెక్స్’ అని పేరుపెట్టెను. ఆ బల్ల ఆ కాలమున తయారు కాలేదు. నేడది చేతిఫోనులోనికి వచ్చినది. 2022 నవంబరులో చాట్ జీపీటీ వచ్చిన పిమ్మట ఇట్టి సాధనములు వెల్లువగా బయలుదేఱినవి. నోషన్ అను సాధనమున కృత్రిమ మేధ చేరినది. గూగులువారు 2023లో వెలువరించిన నోట్‌బుక్ ఎల్ఎమ్ అనునది మన మిచ్చిన కాగితములను ఆధారము చేసికొని ప్రత్యుత్తర మిచ్చి, ఏ కాగితమునుండి గ్రహించినదో చూపును. 2025 నుండి అది మన పత్రములలోని విషయములను కొమ్మలు రెమ్మలుగల పటముగా సైతము గీసి చూపుచున్నది. అనగా యంత్రమే బొమ్మల పుస్తకమున వ్రేలు పెట్టినది.

ఇది పనిచేయు విధము గృహిణికి తెలియదగినదే. మన కాగితములను యంత్రము చిన్నచిన్న తునకలుగా చేయును. ప్రతి తునక భావమును అంకెల వరుసగా మార్చి దాచుకొనును. మన మొక ప్రశ్న వేసినప్పుడు ఆ ప్రశ్ననుకూడ అంకెలుగా మార్చి, దానికి దగ్గఱగా నున్న తునకలను ఏఱి, వానిని ముందు పెట్టుకొని వాక్యములను అల్లును. పోపులపెట్టెలో ఆవాలు, మెంతులు, జీలకఱ్ఱ వేర్వేఱు గిన్నెలలో నున్నందున చీకటిలోనైనను చేయి సరియైన గిన్నెమీదనే పడునుగదా! అట్టి యమరికయే యిదియు.

దీనివలని లాభము నిజమైనది. అయిదేండ్ల పరీక్షల కాగితములను ఫోటోలు తీసి యెక్కించి, ‘క్రియాటినిన్ విలువలను తేదీల క్రమమున వ్రాయుము’ అన్నచో, సంచి వెదకుటకు పట్టు సాయంకాలమంతయు మిగులును. ఆంగ్లమున నున్న ఆసుపత్రి నివేదికను తెలుగున చెప్పుమన్నచో చెప్పును. చదువ కన్నులు కనబడని వృద్ధురాలికి బిగ్గరగా చదివి వినిపించును. కొడుకు హైదరాబాదులో నున్నను, భర్త చేపలవేటకు గుజరాతులోని వెరావలు రేవున నున్నను, తల్లి కాగితములు వారును చూడవచ్చును. మన తీరమునుండి పనికై దూరదేశములకు పోవువా రెందఱో యెఱిగినవారికి ఈ గుణము స్వల్పముగా తోచదు.

వినాయకుని నియమము

అయినను వ్యాసమహర్షి కథ నొకసారి స్మరింపవలసియున్నది. భారతమును వ్రాయుటకు పూనుకొనుచు వినాయకుడు తన గంటము ఆగరాదని నియమము పెట్టెను. వ్యాసుడు ప్రతినియమము పెట్టెను: అర్థము తెలియనిదే అక్షరము వ్రాయరాదు. నేటి యంత్రము వినాయకుని నియమమును చక్కగా పాటించుచున్నది. దాని గంట మాగదు. వ్యాసుని నియమమును మాత్రము పాటింపలేదు. ఏ మాట తరువాత ఏ మాట వచ్చుట సహజమో అది యెఱుగును. ఆ మాట మన యింటి రోగి విషయమున నిజమో కాదో తనంత తా నెఱుగదు. ఆధారము లేనప్పుడు సైతము ధైర్యముగా, మర్యాదగా, నమ్మశక్యముగా చెప్పగలదు. అదియే దాని యపాయము.

మందుచీటిపై వైద్యుని గొలుసు వ్రాతను యంత్రము మఱియొక మందుగా చదువవచ్చును. నలిగిన కాగితమున దశాంశపు చుక్క చెరిగినచో 1.4 అనునది 14 కావచ్చును. మొదటిది జాగ్రత్త పడవలసిన సంఖ్య, రెండవది ప్రాణాపాయమును సూచించు సంఖ్య. కొన్ని పరీక్షాశాలలు క్రియాటినిన్‌ను మైక్రోమోల్ అను వేఱు కొలతతో నిచ్చును. అందు 1 మిల్లీగ్రాము 88.4 అగును. రెండు కొలతలను కలిపి యొకే పట్టికలో పెట్టినచో ఆ పట్టిక యబద్ధము. కాబట్టి యంత్రము వ్రాసి యిచ్చిన ప్రతి యంకెను మూలపు కాగితముతో పోల్చి చూడవలెను. అన్నమున మెతుకు పట్టి చూచుట చాలును; మందుల లెక్కలో ప్రతి మెతుకును పట్టవలెను.

రెండవ యాక్షేపణ గుట్టునకు సంబంధించినది. ఈ సాధనములలో పెక్కింటికి మన మిచ్చిన కాగితము మన ఫోనులో నుండదు. ఎక్కడనో యున్న కంపెనీ యంత్రములకు చేరును. ఇంట పెండ్లికావలసిన పిల్ల యున్నప్పుడు తండ్రి వ్యాధి సంగతి వీథిన పడుట ఏ తల్లియు కోరదు. ఎక్కించుటకు ముందు పేరు, ఆధారు సంఖ్య, ఫోను సంఖ్యలపై చిన్న కాగితపుముక్క కప్పి ఫోటో తీయుట మేలు. ఫోనులోనే టిప్పణములను దాచు అబ్సిడియన్ వంటి సాధనము లున్నవి. కాని వానికి కృత్రిమ మేధను తగిలించునప్పుడు కాగితము ఎక్కడకు పోవుచున్నదో ముందుగా తెలిసికొనవలెను.

మూడవది మన తీరమున మఱవరానిది. 2018 అక్టోబరు 11వ తేదీన తెల్లవాఱుజామున తిత్లీ తుఫాను పలాస సమీపమున తీరము దాటినది. గంటకు 140 కిలోమీటర్లకు మించిన గాలికి కొబ్బరిచెట్లు, జీడితోటలు, విద్యుత్తు స్తంభములు నేలగూలినవి. దినములతరబడి దీపము లేదు, ఫోను లేదు. డయాలిసిస్ దినము మాత్రము తుఫానునకై యాగదు. అట్టి యుదయమున రోగిని క్రొత్తయూరి ఆసుపత్రికి కొనిపోవలసివచ్చిన యిల్లాలికి, మేఘములలో దాగిన జ్ఞానముకన్న చేతిలోని యొక్క పుట విలువైనది. కాగితము వానకు తడియును గదా యందురేమో. నిజమే, అందులకు ప్లాస్టిక్ సంచియు, రేకుపెట్టెయు చాలును.

ఎంచుకొనుట యెట్లు?

ఇన్ని చెప్పిన పిమ్మట మా నిర్ణయము వినుడు. ఏ సాధనము గొప్పది అని యడుగుటకన్న, ఈ సంగతి ఎప్పుడు, ఎవరికి, ఎంత తొందరలో కావలసివచ్చును అని యడిగినచో సమాధానము సులభము. ఆపత్సమయమున క్షణములో కావలసినది, చదువురానివారును చూచి గ్రహింపవలసినది, మన తలలో నిలువవలసినది బొమ్మగా గీయవలెను. ఎప్పుడో యొకప్పుడు వెదకవలసినది, రాశిగా పెరుగునది, దూరముననున్నవారికి పంపవలసినది యంత్రమున కప్పగింపవచ్చును. రెండింటికిని తీఱిక లేని యింట ముందు గీయవలసినది బొమ్మయే.

ఆ పుట ఎట్లుండవలెనో చెప్పెదము. ఒక పెద్ద కాగితము నడుమ రోగి పేరు, వయస్సు, రక్తపు వర్గము వ్రాయుడు. ఎడమప్రక్క ఉదయించు సూర్యుడు, నడినెత్తి సూర్యుడు, చంద్రుడు, ఈ మూడు బొమ్మలు వేసి, ఏ పూట ఏ మందో దాని కెదురుగా వ్రాసి, మాత్ర రంగును అద్దుడు. అక్షరము రాని అత్తగారును పూట తప్పదు. కుడిప్రక్క ఎఱ్ఱరంగుతో నిషేధములు గీయుడు. వైద్యు నడుగక ఒళ్లునొప్పుల మాత్రలు వేసికొనుట మూత్రపిండములకు హానికరము. కావున ఆ మాత్ర బొమ్మపై అడ్డగీత యుండవలెను. మన సీమలో కొబ్బరిబోండము ఇంటింట దొరకును. కాని అందు పొటాషియము అధికము. వ్యాధి ముదిరినవారికి వైద్యుడు వలదన్నచో బోండము బొమ్మపైనను అడ్డగీత పడవలెను. చుట్టపుచూపునకు వచ్చినవారు ప్రేమతో బోండము కొట్టి యిచ్చుటకు ముందు ఆ బొమ్మను చూతురు. డయాలిసిస్ జరుగువారికి దినమునకు ఇంత నీరే త్రాగవలెనని హద్దు పెట్టుదురు. అన్ని గ్లాసుల బొమ్మలు వేసి, త్రాగినదాని నొక్కొక్కటిగా కొట్టివేయుటకు ప్రక్కన పలక వ్రేలాడదీయుడు.

పుట క్రిందిభాగమున పిల్లల లెక్కల పుస్తకములోని గళ్ల కాగితము అతికించి, అడ్డముగా నెలలు, నిలువుగా క్రియాటినిన్ అంకెలు వేసి, పరీక్ష జరిగినప్పుడెల్ల ఒక చుక్క పెట్టి గీతతో కలుపుడు. ముగ్గు వేయు చేతికి ఇది కష్టము కాదు. ఆ గీత పైకెక్కుచున్నదో, సమముగా నున్నదో వైద్యుడు ఒక్క చూపున గ్రహించును. అన్నిటికన్న అడుగున డయాలిసిస్ దినములు, ఆసుపత్రి ఫోను సంఖ్య, ఇంటి పెద్ద ఫోను సంఖ్య. పుట వెనుక గుర్తుల యర్థములు వ్రాసియుంచిన, మీరు లేనప్పుడును అది మాటలాడును. ఒక ప్రతి గోడపై, ఒక ప్రతి సంచిలో, ఒక ప్రతి రేకుపెట్టెలో నుండవలెను.

ఇక యంత్రమునకు పని లేదా? ఉన్నది. పాత కాగితములనుండి అంకెలను వెలికితీయుట దాని పని. వానిని సరిచూచి చుక్కలు పెట్టుట మన పని. ‘ఈ నివేదికలో క్రిందటిసారికంటె మాఱిన దేమి? వైద్యుని నేమి యడుగవలెను?’ అని దానిని ప్రశ్నింపుడు. అది ప్రశ్నలను చక్కగా సమకూర్చును. ‘ఏ మందు వేయవలెను?’ అని మాత్ర మడుగవలదు. 2021లో దేశమంతట మొదలైన డిజిటల్ ఆరోగ్య పథకము క్రింద ఆభా యను 14 అంకెల సంఖ్యను తీసికొన్నచో, ఆ పథకమున చేరిన ఆసుపత్రుల కాగితములను ఒకచోట చూచుటకు వీలు కలుగును. ఆ సంఖ్యనుకూడ బొమ్మల పుటలో ఒక మూల వ్రాసికొనుడు.

పిల్లల మాట

బడిపంతులు గారి యింట నుండువారము గావున పిల్లల చదువును గుఱించి ఒక్కమాట చెప్పక మానలేము. పాఠమును ఫోటో తీసి యంత్రమునకు చూపి, పది వాక్యములలో సారమును వ్రాయించి, దానిని వల్లె వేయు పిల్లలు నేడు పల్లెలోను ఉన్నారు. ఆ సారము యంత్రము తీసినది. నమలినది యంత్రము, ఆకలి బిడ్డది! వంశధార పాఠము చదివిన పిల్లచేత ఒడిశా కొండలలో పుట్టిన నది గొట్టా ఆనకట్ట మీదుగా కళింగపట్నమువద్ద సముద్రమున కలియు త్రోవను గీయింపుడు. వంకర టింకరగా గీసినను ఆ పిల్ల దానిని మఱవదు. గీసిన పిమ్మట యంత్రముచేత ప్రశ్నలు వేయించి జవాబులు చెప్పింపుడు. ముందు చేయి, పిదప యంత్రము. ఈ క్రమము తప్పరాదు.

మన జిల్లాయందే ఇందులకు నిదర్శన మున్నది. 1863లో పర్వతాలపేటలో జన్మించిన గిడుగు రామమూర్తి పంతులుగారు సవరభాషను సవరలవద్దనే విని నేర్చుకొని, మాటమాటకు టిప్పణము వ్రాసికొని, దశాబ్దుల పరిశ్రమచేత 1931లో ఆ భాషకు వ్యాకరణమును, 1938లో సవర నిఘంటువును వెలువరింపజేసిరి. నిఘంటువు గ్రంథము మాత్రమే. భాష వారి నాలుకపై నుండెను. కూర్చిన కష్టమే వారికి విద్య యైనది. కూర్పును పరుల కప్పగించినవారికి గ్రంథము దక్కును గాని విద్య దక్కదు.

గృహజ్ఞానమును ఇంతకాలము ఇల్లాలు మోయుచుండెను గాని, అది జ్ఞానమని ఎవరును పేరు పెట్టలేదు. నేడు దానికి ఘనమైన పేర్లు పెట్టి యంత్రములు అమ్ముచున్నారు. కొనదగినవానిని కొందము, ఉచితమైనవానిని వాడుకొందము. కాని మన యింటివారి ఆరోగ్యము నందలి మంచిచెడ్డలను తెలిసికొను అధికారమును మాత్రము యంత్రమునకు ధారపోయరాదు. ఆ గళ్ల కాగితముమీద చుక్క పెట్టునప్పుడు చేయి ఒక్కక్షణ మాగును; అంకె పెరిగినదని కన్ను గుర్తించును; రేపే ఆసుపత్రికి పోవలెనని మనస్సు నిశ్చయించును. ఆ క్షణముకొఱకే ఈ పుస్తకము. ఈ మాసమే యొక పెద్ద కాగితమును, నాలుగు రంగుల పెన్సిళ్లను తెప్పింపుడు.